ఆ పాఠం రెండో రోజు మధ్యాహ్నం

కాపరి కనబడకపోతేనే మంద బాగుపడుతుంది. ఈ మాటకు కొందరు పాతకాలపు విశ్వాసులు నొచ్చుకుంటారని తెలుసు. నొచ్చుకోనివ్వండి. పిలిస్తే పలికే పాస్టరు, జ్వరమొస్తే పక్కన కూర్చునే పాస్టరు ఉన్న సంఘం ఎప్పుడైనా పెద్దదైందా? అలాంటి మనిషిని జనం వాడుకుంటారు తప్ప గౌరవిస్తారా? పోస్టర్ల మీద మాత్రమే దొరికే నాయకుడిలో ఉన్న మహిమ, మన వంటింట్లో స్టూలు మీద కూర్చుని టీ తాగే మనిషికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

నమ్మకం కుదరకపోతే మన అయ్యగారి సంగతి వినండి.

మొదట్లో ఆయన్ను చూస్తే జాలేసేది. పాత స్కూటరు మీద ఇల్లిల్లూ తిరిగేవారు. కుళాయి కారుతోందన్నా ఆయనే, మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం లేదన్నా ఆయనే. ఒకసారి ఎవరో ముసలామె, గ్యాసు బండను మెట్ల దగ్గరే దించేసి పోయారని ఫోను చేస్తే, దాన్ని భుజానికెత్తుకుని పై అంతస్తుదాకా మోశారు. బండ దించి, రొప్పుతూనే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టబోతే ఆమె, "ప్రార్థన తరవాత చేద్దురుగాని నాయనా, ముందు ఆ రెగ్యులేటరు బిగించండి" అందట. అందుబాటులో ఉన్నవాళ్ళకు దక్కే మర్యాద ఇదీ!

అలాంటి రోజుల్లో ఆయనకు నాయకత్వ సదస్సు నుంచి పిలుపొచ్చింది. పెద్ద హోటలు, ఏసీ హాలు. చేతిసంచీతో వెళ్ళిన మనిషి, మెడలో బ్యాడ్జీ, చేతిలో సదస్సువారి మగ్గు, కళ్ళలో దర్శనం పెట్టుకుని తిరిగొచ్చారు.

వచ్చిన ఆదివారమే వాక్యానుసారమైన నాయకత్వ సూత్రాలు మొదలయ్యాయి. బైబిల్లో జనమందరి తగవులూ మోషే ఒక్కడే తీరుస్తూ పొద్దస్తమానం కూర్చుంటే, చూడలేక మామగారు పని పంచిపెట్టమని సలహా ఇచ్చాడు కదా. ఆ సలహాను అల్లుడికంటే మన అయ్యగారే గట్టిగా పట్టుకున్నారు. మోషే చిన్న తగవులు పంచేసి పెద్దవి తన దగ్గర పెట్టుకున్నాడు. అయ్యగారు చిన్నవీ పెద్దవీ అన్నీ పంచేసి, మైకు ఒక్కటి తన దగ్గర పెట్టుకున్నారు.

నాలుగు వారాలు తిరక్కుండానే సంఘంలో విశ్వాసులనేవాళ్ళు మిగల్లేదు. అందరూ నాయకులే! కుర్చీల పరిచర్యకో నాయకుడు, టీ పరిచర్యకో నాయకురాలు, పరామర్శకు ఒకరు, ఆదరణకు ఇంకొకరు. ఎవరి బ్యాడ్జీ వాళ్ళ మెడలో. ఒక ఆదివారం కుర్చీలు వేసే నాథుడు లేక ఆరాధన మొత్తం నిలబడే జరిగింది. కుర్చీల నాయకుడు పక్కగదిలో తన కమిటీతో కుర్చీల భవిష్యత్తు గురించి చర్చిస్తున్నాడు మరి. నిలబడ్డవాళ్ళకు ప్రసంగంలో నిద్ర రాదు. ఇది ఆశీర్వాదం కాక మరేమిటి?

అయ్యగారి పేరు ఎంతదూరం పాకిందంటే, 'సేవక నాయకత్వం' అని మూడు రోజుల శిక్షణ పెట్టి చుట్టుపక్కల పాస్టర్లందరినీ పిలిచేంత. దాని ప్రచారానికి ఓ వీడియో తీశారు. అందులో, ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినట్టు, అయ్యగారు ఒక సంఘ పెద్ద కాళ్ళు కడగాలి. ఆ పెద్దాయన రిటైరైన బ్యాంకు మేనేజరు. ఇంట్లోనే కాళ్ళు శుభ్రంగా తోముకుని, గోళ్ళు తీయించుకుని, కొత్త సాక్సులు తొడుక్కుని వచ్చారు. వినయం సరిగ్గా ఫ్రేములోకి రావడం లేదని కెమెరా అతను మళ్ళీ మళ్ళీ కడిగించాడు. తల ఇంకాస్త వంచమన్నాడు, కానీ మొహం కనబడాలన్నాడు. చివరికి పెద్దాయన పాదాలు నానిపోయి ముడతలు పడ్డాయి. వినయం మాత్రం అద్భుతంగా వచ్చింది.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా పాటలమ్మకు జబ్బు చేసింది.

ఈ పాటలమ్మ ఒక దర్జీ భార్య. సంఘం రేకుల షెడ్డులో నడిచిన రోజుల నుంచీ ఇద్దరూ వస్తున్నారు. ఏ పాటైనా ఆవిడే ఎత్తుకునేది, అదీ ఎంత పైనుంచి ఎత్తుకునేదంటే మిగతావాళ్ళు రెండో వాక్యానికే చేతులెత్తేసేవారు. అయ్యగారొక్కరే గొంతు చీరుకుపోతున్నా చివరి చరణందాకా ఆవిడ వెంట వెళ్ళేవారు. ఇప్పుడావిడను ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. ఆ మాటకు అర్థమేమిటో మొగుడికీ తెలుసు, పెళ్ళానికీ తెలుసు. అయ్యగారు ఒక్కసారి వస్తే బాగుండునని అడిగింది ఆవిడ.

దర్జీ ఫోను చేశాడు. అయ్యగారి నంబరు ఇప్పుడు పరామర్శ నాయకుడి చేతిలో ఉంటుంది. ఆయన ఎంతో మర్యాదగా వివరించాడు. ముందు వీధి నాయకుడు వచ్చి చూస్తాడు, ఆయన అవసరమనుకుంటే ప్రాంత నాయకుడు వస్తాడు, ఆయనకూ అవసరమనిపిస్తే విషయం అయ్యగారి దాకా వెళుతుంది. వీధి నాయకుడు వచ్చాడు. ఇంటికొచ్చిన మనిషిని చూసి పాటలమ్మ అలవాటు కొద్దీ నవ్వింది. రోగి నవ్వుతోంది, పరిస్థితి మెరుగ్గా ఉంది అని ఆయన పైకి కబురు పంపాడు. మర్యాదకు నవ్వేవాళ్ళు ఇకనైనా జాగ్రత్తపడాలి.

అయ్యగారి భార్యను సంఘమంతా అమ్మగారంటుంది. పంపకాల్లో ఆవిడకు ఏ పదవీ రాలేదు. బ్యాడ్జీ లేని మనిషి గనుక ఎవర్నీ అడక్కుండానే వెళ్ళి, పాటలమ్మ తల దువ్వి జడ వేసి, చెంచాతో పాలు పట్టి వచ్చారు. ఇంటికొచ్చేసరికి అయ్యగారు అద్దం ముందు నిలబడి శిక్షణ పాఠాలు సాధన చేసుకుంటున్నారు.

"పాటలమ్మ మిమ్మల్నే అడుగుతోంది. ఒక్కసారి వెళ్ళి రండి," అన్నారు అమ్మగారు.

"వెళ్తాను. ఈ శిక్షణ కానీ. ఇప్పుడు నేను ఒక్కరింటికి వెళ్ళానంటే అందరూ పిలుస్తారు. ఇంత కష్టపడి కట్టుకున్న వ్యవస్థ కూలిపోతుంది."

"తొంభై తొమ్మిదింటినీ వదిలేసి ఒక్క గొర్రె కోసం వెళ్ళినాయన సంగతో?"

"ఆ పాఠం రెండో రోజు మధ్యాహ్నం ఉంది," అన్నారు అయ్యగారు.

అమ్మగారు లోపలికి వెళ్ళిపోయారు. ఆ వెళ్ళిపోవడానికి ఆయన మనసు చివుక్కుమన్న మాట నిజం. వెళ్ళకూడదని కాదు ఆయన ఉద్దేశం. వెళదామనే అనుకున్నారు, రేపు కాకపోతే ఎల్లుండి. మర్నాడు, శిక్షణ మొదటి రోజున, ఆ చివుక్కుమనడాన్ని కూడా వృథా పోనివ్వకుండా, అత్యవసరమైన పని వేరు, ముఖ్యమైన పని వేరు అన్న పాఠంలో ఉదాహరణగా వాడుకున్నారు. వచ్చిన పాస్టర్లంతా శ్రద్ధగా రాసుకున్నారు.

రెండో రోజు మధ్యాహ్నం పాఠం అంతకుముందెన్నడూ లేనంత బాగా కుదిరింది. ముళ్ళకంపలో ఇరుక్కున్న గొర్రె ఎలా అరుస్తుందో అరిచి చూపించారు. కాపరి దాన్ని భుజాన వేసుకున్నప్పుడు ఎలా ఉంటుందో నడిచి చూపించారు. వెనక వరుసల్లో కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు మోగుతుండగా వేదిక దిగి, కోటు జేబులోంచి తన కొత్త ఫోను తీసి చూసుకుంటే అమ్మగారి నుంచి పిలుపు మీద పిలుపు. కింద ఒకే ఒక్క మెసేజి, పాటలమ్మ పోయిందని.

చప్పట్లు ఆగకముందే కారెక్కారు. అయినా అలవాటైన బుర్ర కదా, దర్జీ వీధి మలుపు తిరిగేసరికి ఆదరణ సందేశం సిద్ధం చేసేసింది. ఆశ, ఆదరణ, ఆనందం. మూడూ ఒకే అక్షరంతో!

దర్జీ ఇంటి ముందుగదే ఆయన దుకాణం. గోడకు ఎవరివో సగం కుట్టిన చొక్కాలు వేలాడుతున్నాయి. కుట్టుమిషను పక్కన మంచం మీద పాటలమ్మను పడుకోబెట్టారు. గదినిండా నాయకులే. మనిషి పోయాక అది పరామర్శ కిందికి వస్తుందా ఆదరణ కిందికి వస్తుందా అని ఇద్దరు నాయకులు గుమ్మంలో తగ్గుగొంతుతో తేల్చుకుంటున్నారు. టీ నాయకురాలు ఇంకా రాలేదు గనుక పొద్దుటి నుంచీ దర్జీకి గుక్కెడు నీళ్ళిచ్చినవాళ్ళు లేరు. అమ్మగారు శవపేటిక మాట్లాడడానికి బయటికి వెళ్ళారు.

అయ్యగారు గొంతు సవరించుకోగానే దర్జీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు అయ్యగారూ. చెప్పేవాళ్ళు పొద్దున్నుంచీ వస్తూనే ఉన్నారు. మీరు కూర్చోండి."

కూర్చోవడానికి కుర్చీ లేదు. కోటూ టైతోనే ఆయన నేల మీద, గుడ్డముక్కల మధ్య కూర్చున్నారు. చూసి చూసి నాయకులు ఒక్కొక్కరే జారుకున్నారు. అప్పుడు దర్జీ అయ్యగారి వైపు తిరక్కుండానే అన్నాడు.

"బట్టలెప్పుడిస్తావంటే కస్టమర్లకి రోజూ అబద్ధాలే చెప్తానయ్యగారూ. దానికి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఈ పొద్దున చెప్పాను. మీరు బయల్దేరారని."

అయ్యగారు తల మోకాళ్ళలో పెట్టుకున్నారు. కాసేపటికి లేచి, కోటు తీసి కొక్కేనికి తగిలించి, లోపలికి వెళ్ళి గ్లాసులు కడిగి టీ పెట్టారు. చక్కెర వేయడం మరిచిపోయారు. దర్జీ ఆ టీనే చివరిదాకా తాగాడు.

మూడో రోజు శిక్షణకు ఆయన వెళ్ళలేదు. సమాధుల తోటలో ఉన్నారు. పాటలమ్మ పాటను ఆవిడంత పైనుంచే ఎత్తుకుని, మధ్యలో ఆగిపోతే, మిగతాది దర్జీ మెల్లిగా పాడి పూర్తిచేశాడు.

ఇక్కడితో కథ సుఖాంతమయ్యేదే. కానీ అయ్యగారు ఆ వారమే తన పాత నంబరు వెనక్కి తీసుకున్నారు. స్కూటరు తుడిచి బయటికి తీశారు. మళ్ళీ మొదలు! పిలిస్తే పలకడం, తలుపు తట్టడం, వంటింట్లో స్టూలు మీద కూర్చోవడం.

సంఘం ఎంతకని ఓర్చుకుంటుంది? పరామర్శకు ఆయనే వెళ్తే పరామర్శ నాయకుడు ఏం కావాలి? కుర్చీలు ఆయనే వేస్తే కుర్చీల కమిటీ దేని గురించి చర్చించాలి? బ్యాడ్జీలన్నీ ఏకమై పెద్దల కూటం పెట్టించాయి. బ్యాంకు పెద్దాయన బాధ అందరికంటే ఎక్కువ. పక్క సంఘం పాస్టరుగారు ఎదురుపడాలంటేనే అపాయింట్‌మెంట్ కావాలి, ఆ సంఘంవాళ్ళు ఎంత గొప్పగా చెప్పుకుంటారు, మనమేమని చెప్పుకోవాలి అని అడిగారు.

"అన్నిటికంటే, మా అల్లుడు చూశాడండీ. ఆ దర్జీ కొట్లో కూర్చుని మీరు గుండీలు కుడుతున్నారట. నిజమేనా?"

"నిజమేనండీ," అన్నారు అయ్యగారు. "పాపం, ఒంటరిగా ఉంటే ఆయనకి చెయ్యి ఆడటం లేదు. నాకు కాజాలింకా రావడం లేదు గానీ, గుండీలు బాగానే కుడుతున్నాను."

ఇక మాట్లాడేదేముంది? కూటం ప్రార్థనాపూర్వకంగా నిర్ణయం తీసుకుంది. సంఘానికి కొత్త నాయకుడు వచ్చారు. ఎంత గొప్పవారంటే, వచ్చి ఇన్నాళ్ళయినా ఆయన్ను దగ్గరగా చూసినవాళ్ళు లేరు. ఆదివారం పెద్ద తెర మీద కనిపిస్తారు, మనం చప్పట్లు కొడతాం. ఇంతకంటే మనకేం కావాలి?

అయితే మన మనుషుల బుద్ధి ఎప్పుడు మారుతుందో! జ్వరమొచ్చినా, ఇంట్లో గొడవైనా, ఆస్పత్రివాళ్ళు పెదవి విరిచినా, తెర మీది నాయకుణ్ణి వదిలేసి ఇంకా ఆ స్కూటరాయనకే ఫోను చేస్తున్నారు. ఆయనా సిగ్గులేకుండా వస్తున్నారు. ఎంతటి నాయకుడు కావలసిన మనిషి! చివరికి ఉత్త కాపరిగా మిగిలిపోయారు.