ఢిల్లీరావు మాస్టారు జవాబు చెప్పరు

ఆ ఉదయం ఢిల్లీరావు మాస్టారి కార్యక్రమం చాలా సులువైనది. పలాసలో బస్సెక్కాలి, టెక్కలిలో దిగాలి, కమిటీ ముందు తన బోధనా సిద్ధాంతం చెప్పాలి, కొత్త ఉపాధ్యాయులకు శిక్షకుడిగా ఎంపికై భోజనాల వేళకి ఇల్లు చేరాలి. రెండుసార్లు చేజారిన అవకాశం ఇది. వచ్చే ఏడాది రిటైర్మెంటు కనుక ఇక మరోసారి రాదు.

సిద్ధాంతం ఒక్క ముక్కే. అడిగినవాడికి జవాబు చెప్పకూడదు, ఎదురు ప్రశ్న వేసి వాడి చేతే చెప్పించాలి. ఉద్యోగంలో చేరిననాటి నుంచీ ఆయన ఎవరికీ తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు.

"నా కళ్లజోడు ఎక్కడుందే?" అని భార్య యామినిని అడిగారు.

"ఎక్కడుంటాదనుకుంటన్నారు?" అంది ఆవిడ పెనం మీంచి చూపు తిప్పకుండా.

"టైము లేదు, సెప్పు."

"నిన్న గేసు బుక్ సేసారా అనడిగితే మీరేటన్నారు? ఆలోసించు అన్నారు. నానూ అదే అంటన్నాను."

మాస్టారు ఆలోచించారు. అలమరా వెతికారు, మంచం కిందకి దూరారు. చివరికి, సిద్ధాంతం కంఠతా వచ్చినవాడికి అద్దాలెందుకనుకుని, ఆవిడ ఇచ్చిన అట్ల డబ్బా సంచీలో వేసుకుని బయల్దేరారు.

పలాస ఊళ్లోని కాశీబుగ్గ బస్టాండులో బోర్డులన్నీ అలికేసినట్టు కనిపించాయి. ఒక బస్సు దగ్గర పాత శిష్యుడి గొంతు వినబడింది. కండక్టరు సూర్యం.

"ఏరా సూర్యం, ఈ బస్సు ఎక్కడికెల్తాది?"

సూర్యం ముఖం వెలిగిపోయింది. "మీరే సెప్పండి మాస్టారూ."

మాస్టారు తడుముకోలేదు. బస్సు మూతి దక్షిణానికుంది. టెక్కలి దక్షిణాన ఉంది. ఇంకేం కావాలి? ఎక్కి కూర్చున్నారు. సూర్యం గురువుగారి దగ్గర డబ్బులు పుచ్చుకోకుండా తనే టికెట్టు కొట్టి ఆయన జేబులో పెట్టాడు. మాస్టారు కళ్లు మూసుకుని ఉపన్యాసం వల్లెవేసుకున్నారు.

కళ్లు తెరిచేసరికి రెండువైపులా పచ్చగా, దట్టంగా కొబ్బరితోటలు.

"టెక్కలి దారిలో ఇన్ని తోటలు ఎప్పుడేసార్రా?"

"టెక్కలేటి మాస్టారూ? ఇది ఉత్తరం దారి, కవిటొచ్చేత్తంది."

"మరి ఎక్కినప్పుడు సెప్పలేదేరా?"

"మీరు తెలీక అడిగారేటి? క్లాసులో అన్నీ తెలిసే అడిగేవోరు కదా. పరీచ్చ సేత్తన్నారనుకున్నాను," అన్నాడు సూర్యం, నిజంగానే బాధపడుతూ.

ఆటో ఒకటి, కొబ్బరికాయల వ్యాను ఒకటి పట్టుకుని, ఒంటినిండా పీచుతో మాస్టారు టెక్కలి చేరేసరికి కమిటీ లేవబోతోంది. అధ్యక్షురాలు మహాలక్ష్మమ్మగారు, రిటైరైన ప్రిన్సిపాలు, విసుగ్గా మళ్లీ కూర్చున్నారు.

"మీ సిద్ధాంతం పనిచేస్తోందనడానికి రుజువుందా?"

కంఠతా పెట్టిందంతా దారిలోనే రాలిపోయింది. మాస్టారు జరిగింది జరిగినట్టు చెప్పేశారు.

"పూర్తిగా పనిచేస్తోందండి. నా ఇబ్బందల్లా అదే. పాఠంలో ఎదురు ప్రశ్న మంచిదే. దారి తెలియక అడిగినవాడికి మాత్రం ముందు దారి చెప్పాలి. ఇన్నేళ్లూ రెంటికీ ఒకటే మందు వేశాను."

ఆవిడ చాలాసేపు నవ్వారు. "పొద్దుటి నుంచీ వచ్చినవాళ్లంతా తమ పద్ధతిలో లోపమే లేదన్నారు. లోపం కనిపెట్టి తెచ్చింది మీరొక్కరే," అని అక్కడికక్కడే ఎంపిక చేశారు. సంతకానికి కలం కోసం సంచీలో చెయ్యి పెడితే, అట్ల డబ్బా కింద కళ్లజోడు తగిలింది.

చీకటి పడేవేళకి మాస్టారు ఆనందం పట్టలేక ఇంట్లో అడుగుపెట్టారు.

"ఏటయ్యింది?" అని ఆత్రంగా ఎదురొచ్చింది యామిని.

"ఏటయ్యుంటాదో నువ్వే సెప్పు సూద్దాం."

ఆవిడ ఆయన ముఖం చూసింది. సంగతి అర్థమైంది, సంతోషమూ వేసింది. తిరిగి వెళ్లి టీవీ ముందు కూర్చుంది.

"అయితే అన్నం, కూర ఎక్కడున్నాయో మీరే సెప్పండి."

అన్నం వెంటనే దొరికింది. కూర గురించి మాస్టారు ఇంకా ఆలోచిస్తున్నారు.