కాలని సిగరెట్టు

యెహెజ్కేలు మాస్టారు సిగరెట్లు మానేయడం రామచంద్రపురంలో ఎవరికీ కొత్త కాదు. కొత్త సంవత్సరం వస్తే మానేవారు, ఈస్టరు ముందు శ్రమ దినాలు వస్తే మానేవారు, జలుబు చేసినా మానేవారు. మానిన ప్రతిసారీ దారిన పోయేవాళ్ళని ఆపి మరీ చెప్పేవారు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు మాత్రం ఎవరికీ చెప్పేవారు కాదు. చెప్పక్కర్లేకుండానే ఆ కబురు వాసన రూపంలో ఆయనకంటే ముందు వెళ్ళి కూర్చునేది. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే ఆయనకి పిల్లలు పొగబండి మాస్టారని పేరు పెట్టుకున్నారు.

ఈసారి మానడానికి మాత్రం పెద్ద కారణమే వచ్చింది. కూతురు ఆశాజ్యోతి పురిటికి వచ్చి ఆడపిల్లని కంది. ఆసుపత్రి నుంచి పాపని ఇంటికి తెచ్చిన రోజున మాస్టారు రెండు చేతులూ చాపుకుని ఎదురెళ్ళేసరికి భార్య ప్రసన్నకుమారి మధ్యలో నిలబడింది. ఆవిడ చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆవిడ ఒకచోట నిలబడిందంటే పక్కనుంచి దారి ఉండదు.

"పొగ వాసన పోయేదాకా పాపని ముట్టుకోకండి," అంది. "బాప్తిస్మం లోపల మానేస్తే ఆల్టరు దగ్గరికి మీరే ఎత్తుకెళ్దురు గాని. లేదంటే మా ఐజాక్ ఎత్తుకెళ్తాడు."

ఆ మాటకి మాస్టారి ప్రాణం చివుక్కుమంది. ఆ ఇంట్లో బిడ్డని బాప్తిస్మానికి ఎత్తుకెళ్ళేది తాతే. ఆశాజ్యోతిని ఆయన నాన్నగారు ఎత్తుకెళ్ళారు, ఆయన్ని ఆయన తాతగారు ఎత్తుకెళ్ళారు. పైగా పాపకి పెడుతున్న పేరు మాస్టారి తల్లి పేరే, రూతు. ఐజాక్ అంటే ప్రసన్నకుమారి తమ్ముడు, తణుకులో పంచదార ఫ్యాక్టరీ గుమాస్తా, గంజి పెట్టిన చొక్కా తప్ప మరో గొప్పతనం లేనివాడని మాస్టారి అభిప్రాయం. ఆ చొక్కా పాపని ఎత్తుకుని ముందు నడుస్తుంటే తను వెనక నడవడం ఆయన ఊహించుకోలేకపోయారు. జేబులోని సిగరెట్టు పెట్టె తీసి అక్కడికక్కడే భార్య చేతిలో పెట్టేశారు.

దీనికి తోడు అత్తగారు వీరమ్మ ఒకరు. ఆవిడ పుట్టిల్లు తుని అవతల సముద్రపొడ్డు ఊరు. అక్కడి ఆడవాళ్ళ పద్ధతిలో అడ్డపొగ తాగేది. అంటే చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. పెళ్ళైన కొత్తలో మొదలైన అలవాటు. అలాంటిది మునిమనవరాలు పుట్టిందని తెలియగానే చుట్టల కట్ట అవతల పారేసి మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు పాపకి నీళ్ళు పోసేదీ ఆవిడే, సాంబ్రాణి ధూపం వేసేదీ ఆవిడే, ఒళ్ళో వేసుకుని ఊపేదీ ఆవిడే. మాస్టారు గుమ్మం బయట నిలబడి, గుడ్డల్లోంచి కనిపించినంత మేర పాప పాదాలు చూసుకుని బడికి పోయేవారు.

మానడం చాలా కష్టంగా ఉండేది. లవంగాలు నమిలారు, సోంపు నమిలారు, రావులపాలెం నుంచి గెలలు తెప్పించి అరటిపళ్ళు తిన్నారు. ఒకరోజు క్లాసులో ఉష్ణప్రసారం పాఠం చెబుతూ చేతిలోని సుద్దముక్కని రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని నోటిదాకా తీసుకెళ్ళారు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. ఆయన ఒక దమ్ము లాగి, సుద్దముక్క కొసన బూడిద కూడా దులిపి, పాఠం కొనసాగించారు.

అలాంటి సమయంలో కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన పాత విద్యార్థి జాషువా మాస్టారిని చూడ్డానికి వచ్చి, చిన్న రేకు డబ్బా ఒకటి బహుమానంగా ఇచ్చాడు. అందులో ఉన్నవి చూడ్డానికి సిగరెట్లే. కానీ ప్రతిదాని కొసనా చిన్న బొగ్గు ముక్క బిగించి ఉంది. అగ్గిపుల్ల గీస్తే అంటుకునేది ఆ బొగ్గే. దాని వేడికి వెనకున్న పొగాకు వెచ్చబడుతుంది గానీ మండదు. బూడిద రాలదు, సిగరెట్టు పొట్టిదవదు, పొగ కూడా ఉందా లేదా అన్నట్టుంటుంది.

మాస్టారికి దీంట్లో సైన్సు కనిపించింది. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు కాలితే చొక్కా కాలినట్టా? కాదు. అలాగే ఇక్కడా కాలేది బొగ్గు మాత్రమే, పొగాకు కాదు. కాబట్టి తను మాట తప్పినట్టు కాదు. ఈ వాదన ఆయనకి ఎంత నచ్చిందంటే, దాన్ని ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పకూడదని అప్పుడే తీర్మానించుకున్నారు.

రోజూ సాయంత్రం పెరట్లో నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి సైన్సు సాధన మొదలుపెట్టారు. అయితే ఈ వస్తువుతో ఒక చిక్కుంది. పొట్టిదవదు గనక అయిపోయిందో లేదో తెలియదు. పైకి నల్లగానే కనిపిస్తుంది గనక ఆరిందో లేదో అంతకన్నా తెలియదు. ప్రసన్నకుమారి పిలిచినప్పుడల్లా ఆరిందనుకుని జేబులో వేసుకునేవారు. నాలుగు అడుగులు వేసేలోపు జేబు దగ్గర వెచ్చగా అనిపించేది. మొదటి చొక్కాకి బొక్క పడినప్పుడు ల్యాబులో యాసిడ్ చిందిందని చెప్పారు. రెండో చొక్కాకీ అదే చెప్పారు. ఆవిడ మూడో చొక్కాకి మాసిక వేస్తూ ఒకే మాట అడిగింది.

"ఈ మధ్య యాసిడ్ ఎప్పుడు చిందినా మీ గుండె మీదే పడుతోందేంటండీ?"

భగవంతుడి దయవల్ల అప్పుడే పాప ఏడ్చింది.

డబ్బా ఎన్నాళ్ళో నిలవలేదు. కానీ సైన్సు మాస్టారికి బొగ్గు తయారుచేసుకోవడం ఎంతసేపు? కొబ్బరి చిప్పలు కాల్చి, ఆ బొగ్గు మెత్తగా నూరి, అన్నం గంజిలో కలిపి ముద్ద చేసి, చిన్న చిన్న మొనలుగా చుట్టి ఎండబెట్టారు. అయిపోయిన సిగరెట్ల గొట్టాల్లోనే కొత్త పొగాకు కూరి వీటిని బిగించేవారు. పాప సాంబ్రాణికి నిప్పులు కావాలి కదా, అందుకే ఈ తిప్పలన్నీ అని ఇంట్లో చెప్పారు. జన్మలో మంచినీళ్ళ చెంబు కూడా అందుకోని మనిషి ఇలా మారిపోయేసరికి ప్రసన్నకుమారి మురిసిపోయి, పెరట్లో మినప వడియాల చేట పక్కనే ఈ నల్ల వడియాల చేటకీ చోటిచ్చింది. పాస్టరమ్మగారితో కూడా గొప్పగా చెప్పుకుంది. భార్య తనని మెచ్చుకుంటున్న మాటలు కిటికీలోంచి విన్న మాస్టారికి కాస్త సిగ్గేసింది. ఆ సిగ్గు పోవడానికి ట్యాంకు వెనక్కి వెళ్ళారు.

ఇంట్లో అందరి కళ్ళూ కప్పగలిగారు గానీ వీరమ్మగారి ముక్కు ఒకటి మిగిలిపోయింది. పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చునే ఆవిడకి ట్యాంకు వైపు నుంచి వచ్చే గాలి తన పాత స్నేహితురాలి కబురు తెచ్చింది. కొన్నాళ్ళు ఓర్చుకుంది. బాప్తిస్మం రేపనగా, శనివారం సాయంత్రం, ఇంట్లోకి స్త్రీల సమాజం వాళ్ళు పాటలు సాధన చేయడానికి వచ్చి కూర్చున్నాక, ఆవిడ నెమ్మదిగా ట్యాంకు వెనక్కి వచ్చింది. మాస్టారు గతుక్కుమన్నారు.

"నాకూ ఒకటివ్వండి అల్లుడుగారూ," అంది. "అమ్మాయికి చెప్పన్లెండి."

మాస్టారు ఇది పొగతాగడం కిందికి రాదని వివరించబోయారు. బొగ్గు గురించీ, ఇస్త్రీపెట్టె గురించీ చెప్పారు. ఆవిడ ఒక్కమారుకే ఒప్పేసుకుంది. ఇంత చురుకైన విద్యార్థి ఆయనకి ఇంతవరకూ తగల్లేదు.

మాస్టారు బాగా ఎండిన మొన ఏరి, బిగించి, వెలిగించి మర్యాదగా అందించారు. ఈ వస్తువు కనిపెట్టినవాళ్ళు చాలా దూరం ఆలోచించే ఉంటారు. బూడిద రాలకూడదనీ, పొగాకు మండకూడదనీ ఎన్నో జాగ్రత్తలు పడి ఉంటారు. కానీ నిప్పున్న కొసే నోట్లో పెట్టుకునే ఆడవాళ్ళు సముద్రపొడ్డున ఉంటారని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. వీరమ్మగారు కళ్ళు మూసుకుని, ఏళ్ళ తరబడి చేతికి అలవాటైన పద్ధతిలో దాన్ని చటుక్కున తిరగేసి నోట్లో పెట్టేసుకుంది. మాస్టారు అయ్యో అనే లోపలే దమ్ము కూడా లాగేసింది.

అన్నం గంజికి తడి తగిలితే ఏమవుతుందో మాస్టారికి తెలియనిది కాదు, తోచలేదంతే. మొన ఊడి ఆవిడ నోట్లో పడింది. నిప్పుతోనే అంతకాలం కాపురం చేసిన నాలుక గనక దానికేమీ కాలేదు. ఆవిడ దాన్ని ఇటునుంచి అటు దొర్లించి బలంగా ఉమ్మింది. ఆ నిప్పు వచ్చి మాస్టారి లుంగీ మడతలో పడింది.

ఆ తర్వాత మాస్టారు చేసిన గంతులకి చేటలు ఎగిరాయి, నల్ల వడియాలూ తెల్ల వడియాలూ కలిసిపోయాయి. ఆయన ట్యాంకు కుళాయి తిప్పి లుంగీ సగం కుళాయి కింద పెట్టి నిలబడేసరికి, లోపల పాట ఆగి వెనక తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ప్రసన్నకుమారి, పక్కన పాస్టరమ్మగారు, వాళ్ళ భుజాల మీదుగా స్త్రీల సమాజం కనిపించారు. వీరమ్మగారు వాళ్ళని చూసి పలకరింపుగా నవ్వింది. ఆవిడ పెదాలు, పళ్ళు, చుబుకం అన్నీ నల్లగా ఉన్నాయి.

ఇదేంటని పాస్టరమ్మగారు అడిగితే, రేపు చర్చికి వెళ్ళాలి కదా, బొగ్గుపొడితో పళ్ళు తోముకుంటున్నానని ఆవిడ తడుముకోకుండా చెప్పింది. అల్లుడుగారే చేసిచ్చారని కూడా చేర్చింది. పాస్టరమ్మగారు మాస్టారి ఓపికకి ముచ్చటపడి, తన పంటి నొప్పికి కూడా కాస్త పొట్లం కట్టివ్వమని అడిగారు. మాస్టారు తడి లుంగీతోనే పొట్లం కట్టి ఇచ్చారు.

ప్రసన్నకుమారి మాత్రం కింద పడి ఉన్న గొట్టాన్ని చూసింది, భర్త జేబుకేసి చూసింది, మళ్ళీ లోపలికెళ్ళి పాట ఎత్తుకుంది. రాత్రి భోజనాల దగ్గరా ఏమీ అనలేదు. ఆవిడ తిట్టి ఉంటే మాస్టారికి వంద సమాధానాలున్నాయి. అడగని ప్రశ్నకి ఏం చెప్పాలో ఆయనకి తెలియలేదు.

ఆదివారం పొద్దున్న చర్చి ముందు అందరూ చేరారు. ఐజాక్ మామూలు కంటే రెండు రెట్లు గంజి పెట్టిన చొక్కాలో, చేతులు చాపడానికి సిద్ధంగా ఉన్నాడు. అంతా అయిపోయిందనే మాస్టారు వెనక వరసలో నిలబడ్డారు. అప్పుడు ప్రసన్నకుమారి తమ్ముణ్ణి దాటుకుని నేరుగా ఆయన దగ్గరికి వచ్చి, తెల్ల గౌనులో ఉన్న పాపని ఆయన చేతుల్లో పెట్టింది.

మాస్టారు నమ్మలేకపోయారు. పాప ఇంత తేలిగ్గా ఉంటుందని ఆయన అనుకోలేదు. ముక్కు అచ్చం తన తల్లి ముక్కు. ఇంత ఆనందం తను ఎన్నడూ ఎరగనని ఆ క్షణంలో ఆయనకి గట్టిగా అనిపించింది. పాప కళ్ళు తెరిచి, గుప్పిటతో ఆయన చూపుడువేలు పట్టుకుంది. పట్టుకుని నోటివైపు లాక్కుంది.

ఆ వేలు పక్కంతా పసుపు రంగు తిరిగి ఉంది. గోరు చుట్టూ నల్లటి బొగ్గు. దగ్గరికొచ్చేసరికి ఆ వాసన ఆయనకే తెలిసింది. మాస్టారు వేలు లాక్కున్నారు. పాప మళ్ళీ పట్టుకుంది. పాలనుకుందో ఏమో, నోరు తెరిచి, ఆ వేలే కావాలని మొహం ఎర్రగా చేసుకుంది. ఆయన వాదనంతా ఆ చిన్న గుప్పిట ముందు నిలబడలేకపోయింది.

"ప్రసన్నా, పాపని తీసుకో," అన్నారు.

"ఎందుకండీ? పొగాకు కాలలేదుగా," అంది ఆవిడ నెమ్మదిగా. వీరమ్మగారు రాత్రే పాఠం ఒప్పజెప్పేసినట్టుంది.

ఆయన తల అడ్డంగా ఊపారు. ఆవిడ పాపని తీసుకుని ఐజాక్ చేతికిచ్చింది. గంట మోగింది. గంజి చొక్కా ముందు నడిచింది.

చర్చి పక్కనున్న కుళాయి దగ్గర, కాపలా అతన్ని అడిగి తెచ్చుకున్న బట్టల సబ్బుతో మాస్టారు చేతులు తోముకోసాగారు. త్వరగా కడుక్కుని లోపలికి పరుగెత్తాలనే అనుకున్నారు గానీ గోళ్ళలో నలుపు ఎంతకీ వదల్లేదు. కాసేపటికి పక్కన ఎవరో పుక్కిలిస్తున్న చప్పుడైంది. చూస్తే వీరమ్మగారు. పాపని ముద్దు పెట్టుకోబోతుంటే నోరు కడుక్కుని రమ్మని కూతురు పంపించేసిందట.

కిటికీలోంచి పాస్టరు అయ్యగారి గొంతు వినిపించింది. రూతు అనే పేరు వినిపించింది. నీళ్ళు తలమీద పడి పాప కెవ్వుమంది. ఇద్దరూ మునివేళ్ళ మీద లేచి చూశారు. ఐజాక్ వీపు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

మాస్టారు జేబులోంచి రేకు డబ్బా తీసి మూత తెరిచి కుళాయి కింద పెట్టారు. మొనలన్నీ కరిగి నల్లటి నీళ్ళై కారిపోయాయి. వీరమ్మగారు అటూ ఇటూ చూసి, నడుముకి దోపుకున్న చెంగు ముడి విప్పి అందులోంచి మరో మూడు తీసి ఇచ్చింది. అవి ఎప్పుడు తీసిందో మాస్టారు అడగలేదు. వాటినీ నీళ్ళ కింద పెట్టారు.

ఆరాధన ముగిసింది. ప్రసన్నకుమారి పాపని ఎత్తుకుని కుళాయి దగ్గరికి వచ్చింది.

"ఏవీ, చేతులు చూపించండి."

మాస్టారు రెండు చేతులూ చాపి, ముందూ వెనకా తిప్పి చూపించారు. ఆవిడ వంగి వాసన చూసింది.

"ఇంకోసారి," అంది.

మాస్టారు మళ్ళీ కుళాయి తిప్పారు. ఆయనది అయిపోయాక తీసుకుందామని వీరమ్మగారు సబ్బు కోసం చెయ్యి చాపి పక్కనే నిలబడింది.