రూప్లి పెట్ట విచ్ఛేదన

లెక్చరర్ వెంకటకృష్ణ సారు మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు వేసుకుని, కోడిని చెక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెక్కలకూ కాళ్లకూ గుండుసూదులు గుచ్చి కడుపు కోశాడట. కోస్తున్నంతసేపూ ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయట. పక్కింటి జంపయ్య ప్రహరీ మీద నుంచి చూసి టీ హోటల్లో చెప్పాడనీ, తాను అక్కడే విన్నాననీ తండా మనిషి కమ్లి తిరిగొచ్చి రూప్లికి చెప్పింది.

రూప్లి అప్పుడు కోళ్లను గంపలోకి ఎక్కిస్తోంది. ఆదివారం అశ్వారావుపేటలో నాటుకోడి నిమిషాల మీద అమ్ముడుపోతుంది. ఎండాకాలమంతా గద్ద నోటా అడవిపిల్లి నోటా పడకుండా కాచుకున్న కోళ్లవి. సారు కోసిన పెట్ట కూడా నిన్న సాయంత్రం ఆమె అమ్మిందే. కూరకనుకుంది. కొన్నాక ఆయన ఇష్టం అనుకుని, గంప ఒళ్లో పెట్టుకుని మొగుడు దేవ్లా బండెక్కింది.

మాట మాత్రం బండికన్నా ముందే పోయింది. మాస్కు వేసుకుని కోశాడంటే కోడికి రోగముందన్నారు. పామాయిల్ తోటలు దాటి రోడ్డెక్కేసరికి ఆ రోగం బర్డ్ ఫ్లూ అయింది. చికెన్ సెంటర్ బలరాం, తన ఫారం కోళ్లనూ ఎవరూ అడగకపోయేసరికి, రోగమంతా తండా కోళ్లదేనని వచ్చినవాడికల్లా చెబుతున్నాడు. ఎవరో ఫోన్ చేస్తే పశువుల దవాఖానా నుంచి డాక్టరు అనిల్‌కుమార్ వచ్చి దేవ్లా బండి ఆపాడు. రోగమని తేలితే గంపలో ఉన్నవీ, ఇంటి దగ్గర ఉన్నవీ అన్నీ గోతిలో పూడ్చాల్సిందే అన్నాడు.

రూప్లి గంప నెత్తిన పెట్టుకుని నేరుగా సారు ఇంటికి నడిచింది. వెనకాల సగం బజారు కదిలింది.

వెంకటకృష్ణకు అంతమందిని చూడగానే క్లాసు గుర్తొచ్చింది. తాను రోగం కోసం కోయలేదనీ, బైపీసీ చదివే కూతురు సాహిత్యకు నేర్పడానికి కోశాననీ చెప్పాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఛేదమంటే కోయడమనీ, ముందు ‘వి’ చేరితే విడివిడిగా అనీ, అలా విచ్ఛేదన అయిందనీ మొదలుపెట్టాడు. విశ్లేషణ కూడా దీనికి చుట్టమేనట. శ్లేషమంటే అతుక్కోవడం, విశ్లేషమంటే ఆ అతుకు విప్పడం. నరికేవాడికి ముక్కలు కావాలి, విచ్ఛేదన చేసేవాడికి ఏది దేనికి అతుక్కుని ఉందో కావాలి.

జంపయ్య శ్రద్ధగా విన్నాడు.

"అయితే రోగం దేనికి అతుక్కున్నది సారూ?"

"రోగమే లేదయ్యా. గుండె, కాలేయం అన్నీ శుభ్రంగా ఉన్నాయి."

అనిల్‌కుమార్ కూడా చెక్క మీది కోడినీ, గంపలోని కోళ్లనూ తిప్పి చూసి, తనకేమీ కనబడలేదన్నాడు. బలరాం ఒప్పుకోలేదు. అంత మంచి కోడైతే దాన్నే వండుకుని అందరి ముందూ తినమన్నాడు. తినకూడదు, ఫార్మలిన్ పోశానన్నాడు సారు. అదేమిటని అడిగితే, చెడిపోకుండా ఉంచేదనీ, దాని ఘాటుకే కళ్ల నీళ్లు కారాయనీ, మాస్కు వేసుకున్నాననీ, కడుపులోకి పోతే మాత్రం విషమనీ నిజం చెప్పాడు.

"మంచి కోడికి విషమెందుకు పోసినట్టు?" అన్నాడు బలరాం.

జనం రెండడుగులు వెనక్కి వేశారు. రూప్లికి గోతులు కళ్లకు కట్టాయి. గంపలోంచి ఎర్ర పుంజును తీసి సారు భార్య ప్రసూన చేతిలో పెట్టింది.

"ఇది వండమ్మా. సారు తింటడు, వీళ్లు చూస్తరు."

కూర ఉడికేదాకా ఒక్కరూ కదల్లేదు. అల్లం, మసాలా వాసనకు కొందరి గొంతులు కదిలాయి కానీ నోళ్లు మాత్రం రోగమే మాట్లాడాయి. వరండాలో కంచం పెట్టారు. వెంకటకృష్ణ తొడ ముక్క తీశాడు. తీసి నోట్లో పెట్టుకుంటే ఏ గొడవా లేదు. చేతి అలవాటు పోలేదు. ముక్కను వెలుతురుకు పట్టి, కండను పోగులు పోగులుగా విడదీసి, కీలు దగ్గర నరం లాగి, కూతురికి చూపించాడు.

"సారుకే అనుమానంగ ఉన్నది," అన్నాడు జంపయ్య. ముందు వరసలో ఉన్నవాళ్లు చెప్పులు వేసుకున్నారు.

రూప్లి వరండా ఎక్కింది. సారు చేతిలోని ముక్క లాక్కుని అక్కడే కూర్చుని ఎముక మిగిలేదాకా తినేసింది. ఇంకో ముక్క అడిగి పెట్టించుకుంది. పొద్దున్నుంచీ ఏమీ తినని అనిల్‌కుమార్ కూర వైపూ జనం వైపూ చూసి, చేతులు కడుక్కొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. డాక్టరు తింటుంటే మనకేమని జంపయ్య రుచికి ఒక ముక్క అడిగాడు. ఆ ముక్క నమిలాక, గంపలో మంచిది ఏదో చూపించమన్నాడు. బలరాం అడ్డుపడేలోగా గంప చుట్టూ జనం మూగారు. డాక్టరు తిప్పి చూసిన కోళ్లని పేరు రావడంతో చివరి రెండింటికీ కొట్లాట కూడా జరిగింది. గంపలోని పూడ్చాల్సిన కోళ్లన్నీ మధ్యాహ్నానికి పొయ్యిల మీదున్నాయి.

రూప్లి ఖాళీ గంప దులుపుకుని లేచింది. వెంకటకృష్ణ గేటు దాకా వచ్చాడు. జరిగిందంతా మంచికే జరిగిందన్నాడు. ఈసారి గుడ్లు పెట్టే పెట్ట కావాలనీ, లోపల గుడ్డు ఎలా తయారవుతుందో పిల్లలకు విచ్ఛేదన చేసి చూపించాలనీ అన్నాడు.

"కోసి చూసేటోళ్లకు ఇయ్య సారూ, కోసుకొని తినేటోళ్లకే ఇస్త," అంది రూప్లి.