వంక పెట్టిన ఇల్లు

ఆ ఉదయం గిన్నెల వ్యాపారి వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యకు కొత్త ఊళ్లో యూనివర్సిటీ ఉద్యోగం వచ్చింది, మర్నాడే చేరాలి. సామాన్ల లారీ సాయంత్రానికి దిగుతుంది. ఆలోగా మంచి పేట చూసి అద్దె ఇల్లు ఖాయం చేసుకోవాలి. లేకపోతే సంసారం నడివీధిలో పడుతుంది.

"ఇల్లు ఎంత నచ్చినా నవ్వు మొహం పెట్టకండి," అని బస్సు దిగుతూనే హెచ్చరించాడు. "కొనేవాడు మెచ్చుకుంటే అమ్మేవాడికి కొమ్ములొస్తాయి. వంకలు పెట్టడం నా వంతు, మూతి ముడుచుకోవడం మీ వంతు."

"అదెంతసేపు! మీ పక్కన నుంచుంటే అదే ముడుచుకుంటుంది," అంది అత్తగారు.

"పెళ్ళికి ముందు మా నాన్న దగ్గర నాకూ ఇలాగే వంకలు పెట్టారుగా," అని భార్య నవ్వింది. యూనివర్సిటీవాళ్ళు చెప్పిన ఇంటి అడ్రసు అతని చేతిలో పెట్టి, కాగితాల పని చూసుకుని వస్తానని కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఇల్లు యూనివర్సిటీ వెనక వీధిలోనే ఉంది. గేటు పక్కన చెట్టు నీడ, కూతవేటు దూరంలో బడి, వీధి మొదట్లో కిరాణా కొట్టు. వ్యాపారి గుండె గంతులేసింది. అంటే మొహం వేలాడేయాల్సిన సమయం వచ్చిందన్నమాట.

ఇంటాయన రిటైరైన ప్రొఫెసరు. భార్యతో పై అంతస్తులో ఉంటాడు. "ఎలా ఉందండీ?" అని ఆశగా అడిగాడు.

"ఏముందండీ! ఈ చెట్టు ఆకులు ఊడ్చేసరికి నడుం విరుగుతుంది. ఆ బడి పిల్లల గోల! కొట్టు పక్కనే కదా, వీధినిండా జనమే. పైగా ఎదురుగా ఆ సెల్ టవరొకటి, దిష్టిబొమ్మలా!"

అత్తగారు ఒప్పందం ప్రకారం మూతి ముడిచింది.

బజారులో అయితే ఈ మాటకు అవతలివాడు ఒక మెట్టు దిగుతాడు. ప్రొఫెసరు దిగలేదు, కరిగిపోయాడు. ఎవరేది చెబితే అది నమ్మే మనిషి. "అయ్యో, ఇన్ని ఇబ్బందులున్న ఇల్లు మీకెలా అంటగడతాను? పెద్దావిడ మొహం చూడండి, ఎలా వాడిపోయిందో! మీరన్నవేవీ లేని ఇల్లొకటి నాకు తెలుసు. కారెక్కండి."

"అబ్బే, మీకెందుకండీ శ్రమ..."

"శ్రమేముంది! సాటి మనిషికి ఆమాత్రం చెయ్యకపోతే ఎలా?"

నచ్చిందని ఇప్పుడంటే ఇందాక చెప్పిందంతా అబద్ధమని ఒప్పుకున్నట్టే. తాను తీసిన గోతిలోకి తానే దిగినట్టు, వ్యాపారి కారెక్కాడు.

ఊరు అయిపోయింది. తారు రోడ్డూ అయిపోయింది. కారు ఒక బోడి మైదానంలో ఆగింది. అక్కడున్నది ఒకే ఒక్క ఇల్లు, దానికి కాపలాగా ఎండ. చెట్టు లేదు, బడి లేదు, కొట్టు లేదు. టవరు కూడా లేదు కనుక వ్యాపారి జేబులో ఫోను ఉత్త పలకైపోయింది.

"చూశారా, మీరన్న ఒక్క ఇబ్బందీ లేదు!" అని ప్రొఫెసరు మురిసిపోయాడు.

అత్తగారు నాలుగు దిక్కులా చూసి, "అంతా మీ నోటి చలవ, అల్లుడుగారూ," అంది.

ఆ ఇంటి ఓనరు ఇనుప సామాన్ల వ్యాపారి; ఊళ్ళోంచే ప్రొఫెసరు ఫోన్ చేసి రమ్మన్నాడు. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వచ్చాడు. గిన్నెల వ్యాపారికి ప్రాణం లేచొచ్చింది. ఈసారి వంకలు కల్పించనక్కర్లేదు, ఉన్నవి చెబితే చాలు.

"ఇదేం ఇల్లండీ! ఎండకు మాడి చస్తాం. పాల ప్యాకెట్టుక్కూడా ప్రయాణం కట్టాలి. ఆ గోడలు చూడండి, అన్నీ నెర్రెలే!"

ఇనుపాయన మొహం వెలిగిపోయింది. "తిట్టండి, తిట్టండి! నేనూ వ్యాపారినేనండోయ్. నచ్చనివాడు నోరు మెదపకుండా పోతాడు. ఇన్ని వంకలు పెడుతున్నారంటే మనసు పడ్డట్టే!" అంటూ తాళంచెవి అతని చేతిలో కుక్కేశాడు.

"నిజంగానే బాగాలేదండీ బాబూ!"

"ఆహా! ఈ ముక్క ఇంత నమ్మకంగా అనడం నాక్కూడా రాదు."

వ్యాపారికి రేపటి లెక్క కళ్ళముందు కనబడింది. భార్య చీకటితోనే బయల్దేరాలి, కూతురు బడి కోసం పొలిమేర దాటాలి, అత్తగారు పొద్దస్తమానం ఇంట్లో తననే చూస్తూ కూర్చోవాలి. మూడోది తలచుకోగానే అతని బుర్ర పాదరసంలా పనిచేసింది.

"ఇక దాచడమెందుకండీ! ఇల్లు బంగారం. ఈ ఎండ ఒంటికి మంచిది. ఈ నెర్రెల్లోంచి ఎంత గాలి! మనవలు పుట్టినా మేమిక్కడే. సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

ఇనుపాయన నవ్వు ఆరిపోయింది. తన ఇల్లు ఎలాంటిదో ఆయనకు బాగా తెలుసు. దీన్ని పొగిడేవాడు చచ్చినా ఖాళీ చెయ్యడు. లేదా కింద ఏదో నిధి ఉందని కూపీ లాగి వచ్చి ఉండాలి. "ఆగండాగండి. ముందు మా ఆవిణ్ణి అడగాలి," అంటూ తాళంచెవి లాక్కున్నాడు.

వ్యాపారి హమ్మయ్య అనుకున్నాడు. అంతలోనే లారీ గుర్తొచ్చి పరుగున కారెక్కాడు. ప్రొఫెసరు కారును మళ్ళీ ఊళ్ళోకి తిప్పాడు.

వీధి మలుపు తిరిగేసరికి, అదే చెట్టు కింద లారీ సగం ఖాళీగా నిలబడి ఉంది. కూతురు అప్పుడే ఇద్దరు బడి పిల్లలతో కలిసి గోల చేస్తోంది. భార్య గేటు దగ్గర తాళంచెవి ఊపింది.

"ఎన్నిసార్లు ఫోన్ చేశానండీ! మీ ఫోన్ కలవక లారీవాడు కూడా నాకే చేశాడు."

"మరి ఇల్లెలా ఇచ్చారు?"

"మధ్యాహ్నం వచ్చి పై అంతస్తు ఆంటీని అడిగాను. ఇల్లు చాలా నచ్చింది, మాకిస్తారా అన్నాను. ఇచ్చేశారు."

"అంతేనా?"

"అంతే."

ఏ బేరంలోనూ దొరకని హాయి అతని ఒంటినిండా పాకింది. చెట్టు మీంచి ఒక ఆకు రాలి నెత్తిన పడితే దులుపుకోలేదు కూడా. ప్రొఫెసరు రెండు చేతులూ పట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మనస్ఫూర్తిగా గొంతెత్తి మెచ్చుకున్నాడు. "ఇల్లు చాలా చాలా బాగుందండీ!"

లోపలికి బిందె మోసుకెళ్తున్న అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మాయ్, లారీని కాస్త ఆగమను," అంది. "మీ ఆయనకి ఇల్లు నచ్చలేదట."