శబ్దము చేయరాదు

ఆ గురువారం ఉదయం ఆరు గంటలకే లింగస్వామి ఒక నిర్ణయానికి వచ్చాడు. కూతురు జ్యోతిక చేత ఇవాళ ఎంసెట్ మోడల్ పేపరు రాయించి తీరాలి. తొమ్మిదికి మొదలు, పన్నెండుకు ముగింపు. మధ్యలో ఏం జరిగినా పిల్ల కుర్చీలోంచి లేవకూడదు.

లింగస్వామి ఎల్‌బీ నగర్ బస్టాపులో ఆర్టీసీ కంట్రోలర్. ఏ బస్సు ఎన్నింటికి వచ్చిందో రాసుకోవడం, కదలని బస్సుకు విజిల్ వేయడం ఆయన ఉద్యోగం. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో బస్సులన్నీ డిపోల్లో ఆగిపోయాక ఆయనకు కంట్రోల్ చేయడానికి కూతురు ఒక్కతే మిగిలింది. కాలేజీ కూడా మూతబడటంతో ఆమెకు తప్పించుకునే దారి లేకపోయింది. గోడకు టైంటేబుల్ వెలిసింది. అందులో ఫిజిక్స్ 6.10కి బయలుదేరుతుంది, కెమిస్ట్రీ 8.05కి చేరుతుంది. అరగంటకోసారి తలుపు తోసి "ఎక్కడిదాక వొచ్చినవ్ బిడ్డా?" అని అడిగేవాడు. ఆలస్యమైతే కారణం కూడా రాసుకునేవాడు.

నిజానికి జ్యోతికకు ఎవరి సాయమూ అక్కర్లేదు. స్నేహితురాళ్లంతా దిల్‌సుఖ్‌నగర్ కోచింగుల్లో చేరితే, తను సొంతంగా చదువుకుంటానని అక్కడి ఫుట్‌పాత్ మీద పాత ప్రశ్నపత్రాల పుస్తకం కొనుక్కొచ్చింది. లింగస్వామి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. సమ్మె ముగిసేలోపు ఒక్క పేపరైనా లేవకుండా మూడు గంటలు కూర్చుని రాసి, నూట అరవైకి వంద దాటించాలి. లేదంటే సమ్మె విరమించాక కదిలే మొదటి విజయవాడ బస్సులో ఆమె హాస్టల్ కోచింగ్‌కు ప్రయాణం. సమ్మె నేడో రేపో ముగుస్తుందని వార్తలు వస్తున్నాయి. జ్యోతిక ఇప్పటికి నాలుగుసార్లు కూర్చుంది. నాలుగుసార్లూ యాభయ్యో ప్రశ్న దాటలేదు.

"గీ బస్తీల లొల్లే అసలు బీమారి," అని తేల్చాడు లింగస్వామి. "మీద వెంకట్రావు సారు టీవీ. కింద జానయ్య కూరగాయల మైకు. పిల్ల ఎట్ల చదువుతది?"

"ముందుగాల నువ్వు జర సప్పుడు జెయ్యకుండ కూసో," అంది భార్య అండాలమ్మ, పొయ్యి మీద సర్వపిండి రొట్టె కాలుతున్న గిన్నె తిప్పుతూ.

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. ఒక అట్టముక్క తీసుకుని, ఆఫీసు నోటీసులు రాసే చేత్తో దిట్టంగా రాశాడు: "ఈ ఇంట్లో దీక్ష జరుగుచున్నది. శబ్దము చేయరాదు. మొదటి రోజు." ఇరవయ్యేళ్ల అలవాటు కొద్దీ కింద సంతకం కూడా పెట్టాడు: "లింగస్వామి, కంట్రోలర్." దాన్ని గేటుకు కట్టి, తృప్తిగా చేతులు కడుక్కుని సర్వపిండి ముందు కూర్చున్నాడు.

ఎనిమిదిన్నరకు మట్టయ్య ఆ దారిన వచ్చాడు. కాలనీ ఉద్యమ కమిటీకి ఆయనే కన్వీనర్. చౌరస్తా టెంటులో రోజుకు నలుగురిని రిలే నిరాహార దీక్షకు కూర్చోబెట్టడం ఆయన పని. ఇవాళ్టి నలుగురిలో ఒకరికి జ్వరం వచ్చింది. నాలుగో మనిషి కోసం ఇల్లిల్లూ తిరుగుతున్న మట్టయ్యకు గేటు మీది అట్ట కనబడింది. రెండుసార్లు చదివి, కళ్లు తుడుచుకుని, వెనక్కి పరుగెత్తాడు.

ఎనిమిదీ నలభైకి గేటు ముందు డప్పులు మోగాయి. లింగస్వామి నోట్లో పెట్టుకోబోయిన మొదటి ముక్క పళ్లెంలోనే పడేసి బనీను మీద బయటికొచ్చాడు. మెడలో బంతిపూల దండ పడింది.

"ఏంది లింగన్నా, ఎవ్వరికి జెప్పకుంట ఇంట్లనే కూసున్నవా! గింత పట్టుదల మనసుల వెట్టుకోని మొన్న టెంటుకు రమ్మంటె నడుంనొప్పన్నవ్!" అన్నాడు మట్టయ్య.

"డప్పులాపుర్రి ముందు! మట్టయ్యా, గది నా దీక్ష గాదు. నా బిడ్డ దీక్ష!"

డప్పులు ఆగాయి.

"ఇంటర్ సదివే పిల్లను ఉపాసం కూసోబెట్టినవా?" మట్టయ్య గేటు తోసుకుని లోపలికొచ్చాడు. "సంతకం నీదీ, కడుపు మాడేది పిల్లదా? తలుపు తియ్యి. పోరిని దవాఖానకు తీస్కపోదాం!"

నలుగురు మెట్లెక్కబోయారు. లింగస్వామి చేతి గడియారం వైపు చూశాడు. తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. విడమరిచి చెప్పాలంటే అరగంట పడుతుంది. అప్పటికి మళ్లీ డప్పులు మోగుతాయి, ఐదో పేపరూ పోతుంది. లోపల పిల్ల పెన్సిల్ చెక్కుకుంటోంది. ఆయన చేతులు రెండూ గుమ్మానికి అడ్డం పెట్టాడు.

"ఆగుర్రి! బిడ్డకు బదులు నేనే కూసుంట. నడువుర్రి. జల్ది నడువుర్రి!"

అంగీ తొడుక్కుని ముందుగా ఆయనే నడిచాడు. వెనక సర్వపిండి వాసన వీధి మలుపుదాకా వచ్చి ఆగిపోయింది.

తర్వాతి పని దానంతటదే జరిగింది. టెంటులో మైకు చెడిపోయిందని మట్టయ్య మనుషులు జానయ్య బండి మైకు తీసుకుపోయారు. మైకుతోపాటు జానయ్య కూడా వెళ్లాడు. పై వాటా వెంకట్రావు సంగతి తెలిసి, టీవీ కట్టేసి, నిమ్మరసం సీసాతో టెంటుకు పరుగెత్తాడు.

"లింగస్వామి గారూ, ఇదేంటండీ! మీరసలు ఒక్క పూట ఆకలికి ఆగలేరు కదండీ! కాస్త తాగండి."

"సారూ, ఐదు గంటల దాక ముట్టొద్దు," అన్నాడు మట్టయ్య. "సాయంత్రం మీ చెయ్యితోనే ఇప్పిస్తం. అందాక కూసోర్రి."

గుంటూరు నుంచి వచ్చి ఈ వీధిలో పన్నెండేళ్లుగా ఉంటున్న వెంకట్రావు చుట్టూ చూసి, చెప్పులు విడిచి, లింగస్వామి పక్కనే చాప మీద కూర్చున్నాడు. సీసా ఒళ్లో పెట్టుకున్నాడు.

పదిన్నరకు, పిల్ల ఎక్కడిదాకా వచ్చిందో చూడాలని లింగస్వామి కాళ్లు ఆగలేదు. లేవబోతే మట్టయ్య భుజం నొక్కాడు. ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. పదకొండుకు ఆయన్ని మాట్లాడమని మైకిచ్చారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"గీ టైముకు మ్యాథ్స్ అయిపోయి ఫిజిక్స్ పది ప్రశ్నలన్న దాటాలె. ఒక్క ప్రశ్న కాడ ఆగిపోవద్దు. రాకుంటె ఇడిచిపెట్టి ముందుకు పోవాలె!"

ఇది ఉద్యమానికి చెప్పిన మాటేనని జనం చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నానికి ఆయనకు కళ్లు తిరిగాయి. మూడింటికి ఆకలి కూడా పోయి, ఒక్క భయమే మిగిలింది. తను లేకపోతే పిల్ల ఏ తొంభయ్యో ప్రశ్న దగ్గర ఆగిపోయిందో, పక్కనుండి ముందుకు తోసేవాడు లేకపాయె అని ఆయన లోపల్లోపల కుమిలిపోయాడు.

ఐదింటికి అండాలమ్మ, జ్యోతిక వచ్చారు. వెంకట్రావు నిమ్మరసం గ్లాసులో పోసి జ్యోతిక చేతికిచ్చాడు. చప్పట్లు మోగాయి. లింగస్వామి గ్లాసు వైపు చూడలేదు.

"రాసినవా?"

"రాసిన నాయినా. లేవకుండ మూడు గంటలు."

"ఎన్నొచ్చినయ్?"

"నూట పద్దెనిమిది. అన్నం తిన్నంక ఇంకోటి గూడ రాసిన. అండ్ల నూట ఇరవై ఆరు."

లింగస్వామి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సంతోషమూ ఉంది, చిన్న బాధా ఉంది. "నేను పక్కపొంటి లేకుండనేనా?"

జ్యోతిక గ్లాసు ఆయన నోటికి అందించింది. అండాలమ్మే చెప్పింది. "ఇల్లు ఎంత నిమ్మలంగున్నదో! నీ సర్వపిండి గూడ పిల్లనే తిన్నది."

ఆయన నిమ్మరసం చివరి బొట్టుదాకా తాగి, మూతి తుడుచుకుని, డ్యూటీలో ఉన్నప్పటి గొంతుతో ప్రకటించాడు. "విజయవాడ సర్వీసు క్యాన్సల్."

జ్యోతిక నవ్వి మట్టయ్య వైపు తిరిగింది. "కాకా, రేపటి లిస్టుల మనుషులు సరిపొయిన్రా?"

"యాడ బిడ్డా, ఒక్కలు తక్కువున్నరు."

మరునాడు పొద్దున కూడా అట్ట గేటుకు అలాగే వేలాడుతోంది. దాని మీద 'మొదటి రోజు' కొట్టేసి 'రెండవ రోజు' అని దిద్దిన చేతిరాత మాత్రం లింగస్వామిది కాదు.