రెండు మాటల బొమ్మ

ఆ ఆదివారం పొద్దున రంజిత్‌కు ఒక్కటే ఆలోచన. స్నానం చేసి, ఉప్మా తిని, భార్య వనజ సంతోషంగా ఉన్న సమయం చూసి బదిలీ సంగతి చెప్పేయాలి. కరెంటాఫీసులో ప్రమోషన్ ఇచ్చి ఆదిలాబాద్‌కు వేశారు. కాగితం వచ్చి పన్నెండు రోజులైంది. కరీంనగర్‌లో సొంతిల్లు, కాలేజీలో మనసు బాగాలేని పిల్లలతో మాట్లాడే వనజ కొలువు. ఇవన్నీ వదిలి రమ్మని ఆమెను అడగడానికి నోరు రావడం లేదు.

తల తుడుచుకుంటూ హాల్లోకి వచ్చేసరికి గోడకు కొత్తగా ఓ తెల్లటి పలక వేలాడుతోంది. బొమ్మ లేదు, పువ్వు లేదు. నట్టనడుమ నల్లటి అక్షరాలతో రెండే మాటలు: "ఏం దాస్తున్నవ్?"

రంజిత్ తల తుడుచుకోవడం ఆపేశాడు. వనజకు తెలిసిపోయింది! నోటితో అడగకుండా గోడకెక్కించింది.

అతని తల్లి దేవవ్వ కూడబలుక్కుని చదివింది. హాలు మూలనున్న బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి లడ్డూల పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు ఆమెకు తీపి మాన్పించి ఏడాదైంది.

"ఔ, తింటున్న! గోడకు రాసుడెందుకు బిడ్డా, మొఖం మీదనే అడగరాదు?" అని వంటింటి వైపు కేకేసింది. మిక్సీ చప్పుడులో వనజకేమీ వినపడలేదు.

అంతలో పై వాటాలో అద్దెకుండే హనుమండ్లు నీళ్ల మోటారు వేయమని చెప్పడానికి దిగాడు. పలకను చూశాడు, లడ్డూలను చూశాడు, తలవంచుకున్న తల్లీకొడుకులను చూశాడు. వెనక్కి వెళ్లి, మేకపిల్లను చంకలో పెట్టుకొచ్చాడు.

"తప్పయింది సార్. మొక్కు మేక. జాతర దాకనే కదా అని బాత్రూంల కట్టేసిన. ఇల్లు ఖాళీ చెయ్యమనకుండ్రి."

మేకపిల్ల చంకలోంచి దూకి లడ్డూ అందుకుంది. దాని వెంట దేవవ్వ, ఆమె వెంట హనుమండ్లు. కుర్చీ బోర్లా పడింది. ఆ చప్పుడుకు వనజ గరిటెతో గుమ్మంలోకి వచ్చింది. రంజిత్ ఇక ఆపుకోలేకపోయాడు.

"వనజా, ఆదిలాబాద్‌కు ప్రమోషనొచ్చింది. పన్నెండు దినాల సంది దాస్తున్న. నువ్వు వద్దంటే వద్దని రాసిస్త!"

"ఏంది గీ లొల్లి?" వనజ బిత్తరపోయింది. "గా పలక ఆర్ట్! చూసి ఎవలకు వాళ్లు మనసుల అడుక్కోవాలె. కాలేజీ పిల్లల కోసం తెచ్చి, ఎట్ల కనపడ్తదో అని ఈడ తగిలించిన. మిమ్ములనెవలు అడిగిండ్రు?"

మేక ఒక్కటే నములుతోంది.

వనజ కాసేపు పలకనే చూసింది. తర్వాత గరిటె పక్కన పెట్టి, అల్మారాలోంచి ఓ కవరు తెచ్చి భర్త చేతికిచ్చింది. ఆదిలాబాద్‌లో ఒక కాలేజీ ఆమెను ఇంకా పెద్ద కొలువుకు పిలిచింది. ఆ కాగితం వచ్చి నెల దాటింది.

"నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే," అంది మెల్లగా. "రానని రాద్దామనుకున్న."

రంజిత్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, నేల మీద చతికిలబడి నవ్వసాగాడు. వనజ కూడా పక్కనే కూలబడి, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"జర ముందుగాల చెప్తే ఏం పోయేది?" అన్నాడు రంజిత్.

"నువ్వు చెప్పినవా?"

"మరి నన్నేం జేస్తరు?" అంది దేవవ్వ.

"నువ్వు లేంది మేమెట్ల పోతమవ్వా!" అన్నాడు రంజిత్.

సాయంత్రం కాకముందే హనుమండ్లు మళ్లీ దిగివచ్చి, కింది వాటా ఎప్పుడు ఖాళీ అవుతుందని అడిగాడు.