వియ్యంకుడి మోకాళ్లు, హరికిషన్ టబ్బు

ఆదివారం పొద్దున హరికిషన్ పెట్టుకున్న పని ఒక్కటే. వియ్యంకుడు వచ్చేలోగా హాట్ టబ్ ఫిల్టర్ కడగాలి. సైనిక్‌పురిలో తన డాబా మీద ఆ వేడినీళ్ల టబ్బు పెట్టించినప్పటి నుంచి అతనికి నిలకడ లేదు. నీళ్లు మురిగాయేమో, మోటారు మూలుగుతోందేమో అని గడియకోసారి మెట్లెక్కుతాడు. వడియాలు ఎండబెట్టుకునే చోటు పోయిందని భార్య సుకన్యకు దాన్ని చూస్తేనే ఒళ్లు మంట.

"మోకాళ్ల నొప్పులు తగ్గుతయని చెప్పి బాబూరావు అన్నయ్యగారిని పిలిస్తిరి. ఇయాల వియ్యాలోళ్ల ముంగట ఇజ్జత్ పోయిందంటే ఈ టబ్బు ఇంట్ల ఉండది, చెప్తున్న," అంది సుకన్య.

"జెర ఆగరాదే! ఫిల్టర్ కడిగితే అంతా సాఫ్," అన్నాడు హరికిషన్.

ఫిల్టర్ అంటే నీళ్లలోని మురికిని పట్టి ఉంచే మడతల గొట్టం. ఒకటి నానుతుంటే ఇంకొకటి పనిచేస్తుంది, రెండు తీసుకోండి అని దుకాణదారు చెప్పాడు. సరుకు అమ్ముకోవడానికే అలా చెప్తున్నాడనుకుని హరికిషన్ ఒకటే తెచ్చాడు. ఒంటికి నూనె రాసుకుని టబ్బులో దిగొద్దన్న మాటనైతే చెవిన వేసుకోలేదు. ఇప్పుడా ఫిల్టర్ జిడ్డోడుతోంది. దాన్ని పెరట్లో నీళ్ల బకెట్లో పడేసి, మోటారు చూడటానికి పైకి పరిగెత్తాడు.

అదే పెరట్లో తలంటుకోవడానికి కుంకుడు రసం తీస్తున్న అతని తల్లి శ్యామలమ్మ ఆ జిడ్డు చూసింది. కొడుకు మీద జాలేసింది. చెంబెడు రసం బకెట్లో పోసి, మడత మడతా రుద్ది, ఆ నీళ్లు పారబోసి, మల్లెపువ్వులా చేసి పెట్టి తన స్నానానికి వెళ్లిపోయింది. తిరిగొచ్చిన హరికిషన్ ఆ తెలుపు చూసి, ఉట్టి నీళ్లకే ఇంత బాగా పోయిందని పొంగిపోయాడు. ఫిల్టర్ బిగించి మీట నొక్కాడు.

టబ్బులో నురగ లేచింది. గట్టు దాటింది. కంగారుగా దుకాణానికి ఫోన్ కొట్టాడు.

"సబ్బుతోని కడిగిర్రా సార్?"

"నేనెందుకు కడుగుతనయా? ఉట్టి నీళ్లే!"

"అట్లయితే నీళ్లు తక్కువున్నట్టున్నయి. నింపి ఫుల్ స్పీడ్ పెట్టుర్రి."

పెట్టాడు. నురగ డాబా అంతా పరుచుకుని, వాననీటి గొట్టంలోంచి జారి గేటు దాకా నడిచింది. "ఏందండీ ఇది, వాకిట్ల కాలు పెట్టనీకి లేదు!" అని కింద నుంచి సుకన్య అరిచేసరికి ఆ నురగ ముందే కారు ఆగింది. బాబూరావు ఒక్కో మెట్టూ మూలుగుతూ ఎక్కుతున్నాడు. హరికిషన్‌కు ఏడుపొక్కటే తక్కువ.

తల తుడుచుకుంటూ వచ్చిన శ్యామలమ్మ, "నేనే కుంకుళ్లతోని కడిగిన కొడుకా. గంత జిడ్డు ఉట్టి నీళ్లకు పోతదా?" అంది.

అప్పటికే బాబూరావు డాబా మీద నిలబడి ఉన్నాడు. "అబ్బబ్బ! కుంకుడు నురగా! మొన్న మేం పెద్ద హోటల్‌కెళ్తే అక్కడా లేదండీ ఇలాంటి ఏర్పాటు!" అంటూ లుంగీ ఎగ్గట్టి దిగిపోయాడు. మెడ దాకా నురగలో మునిగి కళ్లు మూసుకున్నాడు. భోజనం వేళకు కేక వేస్తే గానీ లేవలేదు. హరికిషన్ ప్రాణం లేచొచ్చింది. టబ్బు దక్కింది!

"మోకాళ్లు దూది పింజల్లా ఉన్నాయమ్మా," అన్నాడు బాబూరావు విస్తరి ముందు. "మా కూకట్‌పల్లిలో ఇలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండును!"

సుకన్య పుట్టింట్లో ఒక పద్ధతి ఉంది. వియ్యాలవారు మనసుపడ్డ వస్తువును ఇంట్లో ఉంచుకోరు.

"ఒకటెందుకు అన్నయ్యగారూ, ఇదే తీస్కపోండి," అంది ఆమె.

హరికిషన్ చేతిలోని ముద్ద విస్తట్లోకి జారింది. "అయ్యయ్యో, వద్దమ్మా!" అన్నాడు బాబూరావు. హరికిషన్ ఊపిరి పీల్చుకున్నాడు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి బాబూరావు మెత్తబడ్డాడు. "మరీ కాదంటే మీరు నొచ్చుకుంటారేమో," అన్నాడు.

చీకటి పడకముందే టబ్బు ట్రాలీ ఎక్కింది. సుకన్య ఆ చోటును కడిగి ముగ్గేసింది.

మరుసటి ఆదివారం హరికిషన్ పనిగట్టుకుని కూకట్‌పల్లి వెళ్లి, టబ్బు చుట్టూ తిరిగి, దాన్ని నోరారా మెచ్చుకున్నాడు.

బాబూరావు ఇంట్లో ఆ పద్ధతి లేదట.